మూడో భాగం

చంద్రపూర్ల రద్దీ దుకాణంల కిలో లెక్కన కొని
మా మామ బస్సుల పంపేటోడు,
చాయపత్త డబ్బాల నడుమ, అట్టలు లేని పుస్తకాలు.
ఏడు భాగాల బూడిదనది కథ.
బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు మాకు సిరొంచల.
మరాఠీల చదివి
తెలుగుల భయపడ్డం.

రెండోది అయిపోంగనే నాలుగోది వచ్చింది.
మూడోది రాలే.
రెండో భాగం చివర రాణి ఒడ్డున నిలబడ్డది,
వెనుక గుర్రాల డెక్కలు, ముందట నీళ్లు.
నాలుగో భాగం మొదట్ల
అవతలి ఒడ్డున తల ఆరబెట్టుకుంటున్నది.
నడుమ ఏమైంది?
నెలన్నర సరిగ నిద్ర పట్టలే నాకు.

అప్పుడన్నడు కమలాకర్,
"అహేరిల మా చిన్నమ్మ ఇంట్ల ఉన్నది మూడోది. చదివొచ్చిన."
ప్రాణహిత ఇసుకల, ఎండిన పుచ్చతీగెల నడుమ
నాలుగు సాయంత్రాలు చెప్పిండు.
ఒక పడవాయన ఉన్నడట.
ఎడమచేతికి రెండు వేళ్లు లేవట.
రాణిని కిరాయి అడగలేదట, పేరడిగిండట.
నీళ్లల్లకెల్లి డ్రాగన్ లేస్తే తెడ్డు ఎత్తలేదట,
బీడీ ముట్టించుకొని
"నీదీ నిప్పే, నాదీ నిప్పే, తొవ్వియ్యి" అన్నడట.
రాణి దిగినంక
పడవతోని సహా మంచుల కలిసిపోయిండట.
నేను ఏడ్చిన.
వాడు గోరుతోని ఇసుక గీక్కుంట కూసున్నడు.

డ్రాగన్లంటే మాకు నమ్మకమే.
వాడదం రాళ్లల్ల దూలాలంత ఎముకలు.
తవ్వుకపోయినోళ్లు ఏం పేర్లు పెట్టుకున్నరో గాని
అంతకు ముందే మేం పెట్టినం మా పేర్లు.

ఇరవై ఏండ్లకు అదే కథ తెరకెక్కింది, తెలుగు డబ్బింగుతోని.
నైట్ డ్యూటీల, రోగులు పండుకున్నంక
రుగ్ణాలయం డాబా ఎక్కి
అవతలి ఒడ్డు టవరు సిగ్నల్ దొరకవట్టుకొని చూసిన.
రాణి ముఖం రాణిది కాదు.
నా రాణికి మా భూగోళం బాయి ముక్కు ఉంటది,
కోపమొస్తే చెవులు ఎర్రబడతయి.
డ్రాగన్ "ఓరీ అల్ప మానవా" అన్నది, నవ్వొచ్చింది.
నా డ్రాగన్ మా నాయనమ్మ లెక్క
"ఏందే పోరి" అనేది.
అన్నీ ఓర్చుకున్న.
మూడో సీజన్ల పడవాయన రాలే.
ఏదో మాయ తాడట,
పట్టుకొని అరనిమిషంల దాటేసింది రాణి.

ఇగ చూడాలె నా కోపం.
తెర మీద పేర్లు పైకి పోతుంటే
ఒక్కో పేరును నిలబెట్టి తిట్టిన.
మనిషిని తీసేసి నదిని ఉంచుతరా ఎవరన్న?
నాగపూర్ నుంచి తెప్పించిన మూడో భాగం,
కొత్తది, గమ్ము వాసన పోనిది.
తాడున్నది.
పడవాయన లేడు.
మళ్ల చదివిన. అట్టలు పట్టుకొని దులిపి చూసిన.

కమలాకర్ వాళ్ల నాయిన
కాళేశ్వరం రేవుకు పడవ నడిపేటోడు.
కడుపు కట్టే మిషన్ల పోయినయి రెండు వేళ్లు.
మేం ఆరో తరగతిల ఉన్నప్పుడు, శ్రావణం వరదల
పడవతోని సహా పోయిండు.
నాకు తెల్వదా? తెలుసు.
ఊరంత ఒడ్డున నిలబడ్డనాడు నేనూ నిలబడ్డ.
ఆ ముచ్చటను ఈ ముచ్చటతోని
ఒక్కనాడూ కలుపుకోలే, అంతే.

వాడిప్పుడు కొత్త వంతెన మీద ఇసుక లారీ నడుపుతడు.
మొన్న పిలిచి చాయ పోసిన.
పుస్తకం బియ్యం డబ్బా వెనుక దాచి
"మూడో భాగం ఇంకోసారి చెప్పరాదు" అన్న.
నా దిక్కు చూడలే. చెప్పుడు షురూ చేసిండు.
బీడీ అదే, డ్రాగన్ అదే.
కని ఈసారి పడవాయన మంచుల కలువలే.
రాణి దగ్గర లెక్కపెట్టి కిరాయి తీసుకున్నడు,
పడవను గుంజకు కట్టిండు,
పోరగానికి చెరుకుగడ కొనుక్కొని
ఇంటికి పోయిండు.

"ఏయ్, అసలు కథల గట్ల లేదు" అని
నేను కొట్లాటకు దిగిన.